పాత డేటాలో ఫస్ట్ క్లాస్, కొత్త డేటాలో సప్లీ: ఈ నెల ప్రశ్నలన్నీ అంచనాల మీదే

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఇంచుమించు ఒకే దారిలో ఉన్నాయి. ఒకరు వాన గురించి, ఒకరు మిర్చి రేటు గురించి, ఇంకొకరు ఫోన్‌లో యాప్ గురించి, నాలుగో ఆయన తన గుండె గురించి అడిగారు. అడిగింది మాత్రం ఒక్కటే, ముందే చెప్పిన లెక్క తర్వాత జరిగినదానితో సరిపోయిందో లేదో ఎలా తేల్చాలి అని. మొదటి రెండింటికి జవాబులు బాగా పొడుగైపోయాయి, ఏమనుకోకండి.

ప్రశ్న: నమస్తే మాస్టారూ. మాది కర్నూలు జిల్లాలో ఆలూరు దగ్గర పల్లె, నేను బీఎస్సీ స్టాటిస్టిక్స్ సెకండియర్. ప్రతి ఏప్రిల్‌లో వాతావరణ శాఖ వాళ్లు ఈసారి వానలు ఇంత శాతం అని చెప్తారు, అది టీవీలో వచ్చినప్పుడల్లా మా నాన్న "వీళ్లు చెప్పింది ఎప్పుడు జరిగింది గనక" అంటాడు. నిజంగా వాళ్ల మోడల్ పనిచేస్తుందా లేదా అన్నది ఎలా చూడాలి? ఒక ఏడాది తప్పితే మోడల్ తప్పినట్టేనా?

జవాబు: నాన్నగారితో వాదన పెట్టుకునే ముందు ఒక కాగితం తీసుకుని రెండు కాలమ్స్ గీయండి, ఏప్రిల్‌లో చెప్పింది ఒకదాంట్లో, సెప్టెంబర్ ఆఖరుకి దేశం మొత్తం మీద పడింది రెండోదాంట్లో రాయండి. చాలా ఏళ్ల సగటు వానని 100 అనుకుని వాళ్లు చెప్పే శాతాలివి: 2009లో ఏప్రిల్‌లో 96 శాతం అన్నారు, జూన్‌లో 93కి దించారు, పడింది 78. 2019లో 96 అన్నారు, పడింది 110. ఇవి రెండూ నాన్నగారి ఖాతాలోకి వెళ్తాయి. 2015లో ఏప్రిల్‌లో 93 అని జూన్‌లో 88కి తగ్గించారు, పడింది 86, అదే ఏడాది ప్రైవేటు సంస్థ స్కైమెట్ 102 అని చెప్పింది. 2023లో 96 అన్నారు, 94 పడింది. 2024లో 106 అన్నారు, 108 పడింది. ఇవన్నీ మీ ఖాతా. ఏప్రిల్ అంచనాకి వాళ్లే అటూఇటూ 5 శాతం తేడా ఉండొచ్చని ముందే చెప్తారు కాబట్టి 2023, 2024 గీత లోపల పడ్డాయి, 2009, 2019 బయట పడ్డాయి, 2015లో ఏప్రిల్ మాట బయటా జూన్ మాట లోపలా పడ్డాయి. అయితే చూశారా, నేను గుర్తున్న ఏడాదులు ఏరి రాశాను, ఇలా ఏరుకుంటే ఎవరి వాదన వాళ్లు గెలుస్తారు. అందుకే ఏ ఏడాదీ వదలకుండా రాయాలి, అదీ అప్పుడు పేపర్లో వచ్చిన అంకె రాయాలి గానీ తర్వాత సరిచేసుకున్నది కాదు.

ఇప్పుడు అసలు కథ. ఇది మీ కాలేజీలో చెప్పరేమో గానీ మోడల్ చెకింగ్ గురించి ఇంతకంటే మంచి పాఠం మన దేశంలో నాకు కనబడలేదు. 1988లో వాతావరణ శాఖ గోవారీకర్ బృందం తయారుచేసిన 16 అంశాల మోడల్‌ని వాడకంలో పెట్టింది, పసిఫిక్ సముద్రం వేడి, హిమాలయాల మీద మంచు, ఎక్కడెక్కడి గాలి ఒత్తిడి, ఇలా పదహారు తీసుకుని ఒక రిగ్రెషన్, అంటే పాత ఏడాదుల్లో ఇవి వానతో ఎలా కుదిరాయో చూసి కట్టిన సూత్రం. ఆ తర్వాత 1988 నుంచి 2001 దాకా పద్నాలుగేళ్లు దేశం మొత్తం మీద చూస్తే ఒక్క కరువేడాది కూడా పడలేదు, మోడల్ కూడా కరువు వస్తుందని చెప్పలేదు, దాంతో ఇంకేం, మోడల్ సూపర్ హిట్ అనుకున్నారు. 2002 వచ్చింది. 101 శాతం పడుతుంది, మహా అయితే 4 శాతం అటూఇటూ అన్నారు. జూలైలో మామూలుగా పడాల్సినదాంట్లో సగం కూడా పడలేదు, సీజన్ మొత్తానికి 81 శాతం దగ్గర ఆగింది. మీ నాన్నగారికి ఆ ఏడాది బాగా గుర్తుండే ఉంటుంది, అడగండి.

ఇప్పుడు మీరు స్టాటిస్టిక్స్ విద్యార్థిగా అడగాల్సిన ప్రశ్న "2002లో ఎందుకు తప్పింది" అన్నది కాదు, "అంతకుముందు పద్నాలుగేళ్లు నిజంగా నెగ్గిందా" అన్నది. ఎందుకంటే ఆ పద్నాలుగేళ్లూ పసిఫిక్కూ హిమాలయాలూ ఏమీ చూడకుండా రచ్చబండ మీద కూర్చుని ఎవరైనా ఏటా "ఈ ఏడు కరువు రాదు" అని చెప్పి ఉంటే పద్నాలుగుకి పద్నాలుగూ కరెక్టే అయ్యేవి. మరి మోడల్ ఆయనకంటే ఎక్కువ ఏం చెప్పినట్టు? ఏ అంచనానైనా విడిగా చూడకూడదు, ఏమీ తెలియనివాడు చెప్పే మొద్దు అంచనా పక్కన పెట్టి చూడాలి. వానల విషయంలో ఆ మొద్దు అంచనా "ప్రతి ఏడాదీ 100 శాతం". మీ కాగితం మీద మూడో కాలమ్ గీసి అంతా 100 అని రాసేయండి, తర్వాత రెండింటి తప్పుల సగటూ తీయండి. వాతావరణ శాఖ తప్పుల సగటు ఆ 100 కాలమ్ కంటే చిన్నదైతేనే మోడల్‌కి ఏదో తెలిసినట్టు. 2005లో వాతావరణ శాస్త్రవేత్త సులోచనా గాడ్గిల్, ఆమెతో పనిచేసినవాళ్లు కరెంట్ సైన్స్ పత్రికలో ఇలాంటి పనే చేశారు, 1932 నుంచి వచ్చిన అంచనాలన్నీ ముందేసుకుని చూస్తే మోడల్స్ ఎన్నిసార్లు మారినా నైపుణ్యం ఏడు దశాబ్దాల్లో పెరిగినట్టు కనబడలేదని రాశారు. 2004లో కూడా కొత్త మోడల్‌తో 100 శాతం అన్నారు, పడింది 87 దగ్గర. ఆ దెబ్బ మీదే వాళ్లా వ్యాసం రాశారు.

అసలు చిక్కు ఎక్కడుందంటే ఈ సబ్జెక్టులో కొత్త డేటా ఏడాదికి ఒక్కటంటే ఒక్క అంకె వస్తుంది. క్రికెట్‌లో అయితే సీజన్‌కి డెబ్బై మ్యాచ్‌లు, మోడల్ సత్తా రెండు నెలల్లో తేలిపోతుంది, వానకి అలా కుదరదు. పదేళ్లు ఆగితే పది అంకెలు. ఈలోపు మోడల్ మారిపోతుంది, 2003లో మార్చారు, 2007లో మార్చారు, 2021 నుంచి ప్రపంచంలో చాలాచోట్ల నడిచే వాతావరణ మోడల్స్ కలిపి చెప్తున్నారు. కాబట్టి "వాతావరణ శాఖ అంచనా" అని ముప్పై ఏళ్లది గంపగుత్తగా తూకం వేస్తే మీరు తూచేది ఒక మోడల్‌ని కాదు, నాలుగింటిని. మరి వాళ్లేం చేస్తారంటే పాత ఏడాదులకి మోడల్‌ని వెనక్కి నడిపి చూస్తారు, అది తప్పేం కాదు, అవసరమే, కాకపోతే జవాబు తెలిశాక రాసిన అంచనా ఎప్పుడూ ముందు రాసినదానికంటే అందంగానే ఉంటుంది. ఆ పదహారూ ఎందుకు ఎంచుకున్నారు? పాత ఏడాదులతో బాగా కుదిరాయి కాబట్టి. అదే పాత ఏడాదుల మీద చెక్ చేస్తే కుదరక చస్తాయా?

ఈ ప్రమాదం గురించి మొదట గట్టిగా రాసినవాళ్లలో ఒకాయన మన వాతావరణ శాఖకే డైరెక్టర్ జనరల్ కావడం నాకు భలే నచ్చుతుంది. గిల్బర్ట్ వాకర్ అని, కేంబ్రిడ్జ్ గణితం మనిషి, 1904లో ఇక్కడి బాధ్యత తీసుకున్నాడు, అప్పట్లో ఆఫీసు సిమ్లాలో. ప్రపంచమంతా గాలి ఒత్తిడి లెక్కలు తెప్పించి మన వానలతో ఏది కుదురుతుందా అని గుమస్తాలతో చేత్తో లెక్కలు వేయించాడు. ఆయనే 1914లో రాశాడు, వందల జతలు వెతికితే అందులో ఒకటి రెండు ఊరికే కాకతాళీయంగా కూడా గట్టిగా కుదిరినట్టు కనిపిస్తాయి, కాబట్టి ఎన్ని వెతికితే దొరికిందో చూసి దాన్నిబట్టి నమ్మకం తగ్గించుకోవాలని. అంత జాగ్రత్తపరుడు ఏరుకున్న అంశాల్లో కూడా కొన్ని తర్వాతి దశాబ్దాల్లో బలహీనపడిపోయాయి.

ఒక ఏడాది తప్పితే మోడల్ తప్పినట్టేనా అని అడిగారు. ఎంత తేడా ఉంటుందని వాళ్లే చెప్పారో దాన్నిబట్టి. 5 శాతం లోపల పడటం ఎప్పుడూ జరగాలని లేదు, అప్పుడప్పుడూ బయట పడొచ్చు. కానీ 96 అన్నచోట 78 అంటే అది అప్పుడప్పుడు జరిగే తప్పు కాదు, చెప్పిన తేడాకి మూడు రెట్ల పైన. అలాంటివి పదిహేనేళ్లలో రెండు మూడు వచ్చాయంటే అంచనా సంగతి అటుంచి ఆ "అటూఇటూ" అంకెనే అనుమానించాలి.

ఇంకొకటి, ఇది మీ పొలానికి సంబంధించింది. 2023 పేపర్ మీద నెగ్గింది కదా, 96కి 94. కానీ ఆ ఏడాది ఆగస్టు 1901 నుంచి చూస్తే ఎన్నడూ లేనంత పొడి ఆగస్టు, 36 శాతం లోటు, మళ్లీ సెప్టెంబర్ పూడ్చింది. ఢిల్లీలో మొత్తం సరిపోయింది, ఆగస్టులో పూత మీదున్న చేను మాత్రం ఎండిపోయింది. మీ నాన్నగారు ఆ మోడల్‌ని తిడుతున్నది అది ఎప్పుడూ చెప్తానని ఒప్పుకోని విషయానికి, అంటే ఆలూరులో ఆగస్టుకి. ఆయన కోపంలో న్యాయం ఉంది, లెక్కలో లేదు అంతే. మీ ప్రాజెక్టుకి దేశం అంకె కాదు, దక్షిణాదికి విడిగా ఇచ్చే అంచనా తీసుకోండి, కొంచెం దగ్గరౌతుంది. అన్నట్టు శాతాలు పోల్చేటప్పుడు జాగ్రత్త, ఆ "100 శాతం" అంటే ఒకప్పుడు 89 సెంటీమీటర్లు, తర్వాత 88, ఇప్పుడు 87.

ప్రశ్న: సార్, నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్. మా మావయ్యకి గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. ఆయన కోసం 2015 నుంచి 2024 దాకా తేజ రకం రోజువారీ రేట్లతో ఒక మోడల్ కట్టాను. ఇరవై శాతం డేటా టెస్ట్‌కి పక్కన పెట్టే చేశాను, టెస్ట్‌లో ఎర్రర్ 4 శాతమే. 2025లో మాత్రం ఘోరంగా దెబ్బతింది, మావయ్య ముందు తల ఎత్తుకోలేకపోతున్నా. ఎక్సెల్ షీట్ పంపుతున్నాను, టెస్ట్ డేటా విడిగా పెట్టాను కదా, ఎందుకిలా అయింది?

జవాబు: షీట్ తెరిచి చూశాను బాబూ, మీ కష్టం కనిపిస్తోంది, కానీ ఆ టెస్ట్ టెస్టే కాదు. ఇరవై శాతం మీరు లాటరీ తీసినట్టు అక్కడోటీ ఇక్కడోటీ తీశారు. దాంతో ఏమైందంటే ఫిబ్రవరి 14 టెస్ట్‌లో ఉంది, 13వ తేదీ, 15వ తేదీ ట్రైనింగ్‌లో, అంటే మోడల్ చూసి నేర్చుకునే డేటాలో ఉన్నాయి. యార్డులో రేటు ఒక్కరోజులో ఎంత మారుతుంది? వందో రెండొందలో. రెండు పక్కలా తెలిశాక మధ్యలోది చెప్పడం, లీకైన పేపర్‌తో పరీక్ష రాసి ర్యాంకు కొట్టడం లాంటిది. రేట్లూ వానలూ కరెంటు వాడకం లాంటి తేదీ ఉన్న డేటా ఏదైనా సరే, కాలం కోసినచోట కోయాలి, 2019 డిసెంబర్ దాకా నేర్పించి 2020 చెప్పించాలి, తర్వాత 2020 కూడా కలిపి 2021 చెప్పించాలి, ఇలా ఒక్కో ఏడాదీ ముందుకు జరుపుకుంటూ పోవాలి. అప్పుడు మీకు ఐదు నిజమైన పరీక్షలు వచ్చి ఉండేవి, వాటిల్లో ఎర్రర్ 4 కాదని 2024లోనే తెలిసేది.

రెండోది ఇంకా దొంగచాటుగా ఉంది. మీ జీ కాలమ్‌లో "యార్డుకు వచ్చిన టిక్కీలు" (మిర్చి బస్తాలు) అని ఉంది కదా, అది నెల మొత్తం లెక్క. ఫిబ్రవరి 3వ తేదీ వరసలో కూడా ఫిబ్రవరి నెలంతా వచ్చిన టిక్కీల సంఖ్యే ఉంది. 3వ తేదీ పొద్దున మావయ్యకి అది ఎలా తెలుస్తుంది? నెలాఖరుకి గానీ తెలియని సంగతి మోడల్‌కి ముందే చేరిపోయింది. కోల్డ్ స్టోరేజీ నిల్వల కాలమ్ పరిస్థితీ అదే. ప్రతి కాలమ్ దగ్గరా ఆగి ఒకటే అడగండి, అంచనా చెప్పే రోజు పొద్దున ఈ అంకె నా చేతిలో ఉంటుందా అని. లేదంటే తీసేయండి, లేదా పోయిన నెలది పెట్టండి. నా అనుభవంలో కొత్త డేటా మీద బోల్తా పడే మోడల్స్‌లో చాలావాటికి జబ్బు ఇదే, ఏదో గొప్ప గణితం లోపం కాదు.

మూడోది, మీ షీట్‌లోనే పక్కన ఇంకో కాలమ్ వేసి "నిన్నటి రేటే రేపటి రేటు" అని పెట్టి చూశాను. రోజువారీ ఎర్రర్ మీ మోడల్ కంటే తక్కువ వచ్చింది. కోప్పడకండి, రేట్ల విషయంలో ఆ మొద్దు అంచనాని గెలవడం పెద్ద పెద్దవాళ్లకే చెమటలు పట్టిస్తుంది. గూగుల్ వాళ్లకి కూడా ఇదే జరిగింది, 2008లో జనం ఏం వెతుకుతున్నారో చూసి అమెరికాలో ఫ్లూ ఎంతుందో చెప్తామన్నారు, 5 కోట్ల సెర్చ్ పదాల్లోంచి పాత ఫ్లూ లెక్కలతో బాగా కుదిరే 45 ఏరుకున్నారు. వాకర్ బతికుంటే ఆ ఏరుడు చూసి తల పట్టుకునేవాడు. హైస్కూల్ బాస్కెట్‌బాల్ గురించిన వెతుకులాటలు కూడా ఫ్లూతో కుదిరాయి, రెండూ చలికాలమే మరి, వాటిని చేత్తో ఏరి పారేయాల్సి వచ్చింది. 2014లో సైన్స్ పత్రికలో వచ్చిన వ్యాసం ప్రకారం 2011 ఆగస్టు నుంచి చూసిన 108 వారాల్లో 100 వారాలు ఎక్కువే చెప్పింది. మొత్తం అంత డేటా కంటే ప్రభుత్వం వాళ్లు రెండు మూడు వారాలు ఆలస్యంగా ఇచ్చే మామూలు ఫ్లూ లెక్కని ముందుకు లాగి చెప్పినా అంతకంటే దగ్గరగా వచ్చేది. ఆ 108లో 100 అన్నది గమనించండి, తప్పు పెద్దదా చిన్నదా అన్నది ఒకెత్తు, అన్నీ ఒకే వైపు పడటం ఇంకో ఎత్తు. మీ 2025 తప్పులకి కూడా ప్లస్సా మైనస్సా అని గుర్తు వేయండి, అన్నీ ప్లస్సే ఉంటాయి చూడండి.

ఎందుకుంటాయంటే, 2023లో తేజ క్వింటా ఇరవై వేలు దాటింది, మీ మోడల్ ఆఖరి ఏడాదుల్లో చూసిన లోకం అది. 2025 మొదట్లో రేటు ఎంత పడిపోయిందంటే ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకి 11,781 రూపాయలు అని ప్రకటించాల్సి వచ్చింది. సాగు, విదేశాల గిరాకీ, స్టోరేజీల్లో పాత సరుకు, ఇవన్నీ కలిసి కొట్టిన దెబ్బని పాత రేట్లు మాత్రమే చూసే మోడల్ పట్టుకుంటుందని అనుకోవడం అత్యాశ. అది తప్పడం తప్పు కాదు. "21,000 వస్తుంది" అని ఒక్క అంకె చెప్పి ఊరుకోవడం తప్పు. 13 నుంచి 24 వేల మధ్య అని చెప్పి ఉంటే మావయ్య నవ్వేవాడేమో గానీ నమ్మి సరుకు ఆపేవాడు కాదు. ఈసారి పదిలో తొమ్మిదిసార్లు పడాల్సిన హద్దులు కూడా చెప్పించండి, వెనకటి ఏడాదుల్లో నిజంగా పదికి తొమ్మిది పడ్డాయో లేదో లెక్కపెట్టండి. ఆరే పడితే మోడల్‌కి లేనిపోని ధైర్యం ఎక్కువుందని అర్థం.

ఇంకో మాట, అసలు మావయ్యకి రేపటి రేటు ఎందుకు? ఆయన రోజూ యార్డులోనే ఉంటాడు, మీకంటే ఆయనకే బాగా తెలుసు. ఆయన్ని అడిగి చూడండి, మార్చిలో సరుకు అమ్మేయాలా, కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఆగస్టు దాకా ఆగాలా అన్నదే ఆయన తలనొప్పి అయ్యుంటుంది. అంటే ఐదు నెలల దూరం. మరి చెకింగ్ కూడా ఐదు నెలల దూరానికే చేయాలి, స్టోరేజీ అద్దె, వడ్డీ, తూకంలో తరుగు తీసేశాక ఆగినందుకు మిగిలిందా లేదా అని. ఒక్కరోజు ఎర్రర్ 4 శాతం అయినా 1 శాతం అయినా ఆ నిర్ణయానికి పనికిరాదు.

మీరు రాసిన చివరి లైన్ చదివి కొంచెం భయమేసింది, "2025ని కూడా కలిపి సెట్టింగ్స్ మార్చాను, ఇప్పుడు 2025 బాగా వస్తోంది" అన్నారు. వస్తుంది, ఎందుకు రాదు? చూసి సరిచేసుకున్న రోజే 2025 మీకు కొత్త డేటాగా పనికిరాకుండా పోయింది, అది ఇక ట్రైనింగ్ డేటానే. ఇప్పుడు మీకు మిగిలింది రాబోయే సీజన్ ఒక్కటే. నెలనెలా అంచనా, దాని హద్దులు, మొద్దు అంచనా మూడూ రాసి, తేదీ వేసి, మావయ్యకి వాట్సాప్‌లో పెట్టేయండి, పెట్టాక ముట్టుకోవద్దు. డిలీట్ ఫర్ ఎవ్రీవన్ అసలే వద్దు.

ప్రశ్న: మాస్టారు గారికి నమస్కారం. మేం అనంతపురం జిల్లాలో టీచర్లం. మా స్కూల్లో ఒకరు వాన యాప్ పెట్టుకున్నారు, అందులో "92 శాతం కచ్చితత్వం" అని ఉంటుంది. అలాగే "ఈరోజు వానకి 30 శాతం అవకాశం" అని కూడా వస్తుంటుంది. వాన పడితే "చెప్పాం కదా" అనొచ్చు, పడకపోతే "70 శాతం పడదనేగా చెప్పాం" అనొచ్చు. ఇది మోసం కాదా?

జవాబు: మొదటిది మోసానికి దగ్గర, రెండోది కాదమ్మా.

అనంతపురంలో ఏడాదికి ఎన్ని రోజులు వాన పడుతుందో మీకు నేను చెప్పాలా. రోజూ పొద్దున్నే "ఈరోజు వాన లేదు" అని చెప్పే యాప్ చేసినా మీ జిల్లాలో కచ్చితత్వం తొంభై దగ్గర తేలుతుంది. ఇది పాత కథే. 1884లో అమెరికా ఆర్మీ సిగ్నల్ కోర్‌లో జాన్ ఫిన్లీ అనే ఆయన టోర్నడోలు ముందే చెప్తానని మొదలుపెట్టి మొత్తం 2,803 అంచనాలు ఇచ్చాడు. అందులో 100 సార్లు "వస్తుంది" అన్నాడు, 28 సార్లు వచ్చింది. 2,703 సార్లు "రాదు" అన్నాడు, 23 సార్లు వచ్చింది. కరెక్టైనవన్నీ కూడితే 2,708, అంటే 96.6 శాతం, భుజాలు చరుచుకున్నాడు. అదే ఏడాది గిల్బర్ట్ అనే భూగర్భ శాస్త్రవేత్త లెక్క వేసి చూపించాడు, అసలు నోరు తెరవకుండా "ఎప్పుడూ రాదు" అని ఉంటే 2,752 కరెక్టు, 98.2 శాతం అని. కాబట్టి ఆ యాప్ వాళ్లని రెండు అడగండి: నిజంగా వాన పడిన రోజుల్లో ముందే ఎన్ని చెప్పారు, వాన అని చెప్పిన రోజుల్లో ఎన్ని పడ్డాయి. ఫిన్లీకి అవి 51లో 28, నూటికి 28. పాపం, ఆ రోజుల్లో అది నిజానికి చిన్న విషయం కాదు, తప్పు అంకె చూపించుకుని పరువు పోగొట్టుకున్నాడంతే.

ఇక 30 శాతం సంగతి. ఒక్కరోజు చూస్తే దాన్ని ఎవరూ పట్టుకోలేరు, మీరన్నది నిజం, కానీ చాలా రోజులు చూస్తే పట్టుకోవచ్చు. మీ ఎనిమిదో తరగతి పిల్లలకి పని అప్పజెప్పండి, రోజూ పొద్దున యాప్ అంకె గోడ మీద చార్టులో రాయాలి, మర్నాడు వాన పడిందా లేదా అని టిక్కు పెట్టాలి. జూన్ నుంచి నవంబర్ దాకా రాశాక 30 అన్న రోజులన్నీ ఒకచోట చేర్చండి. వాటిల్లో పదికి మూడు దాకా పడితే యాప్ నిజాయితీగా ఉన్నట్టు. పదికి ఒకటే పడితే ఊరికే హడావిడి చేస్తోంది. 80 అన్న రోజులకీ అలాగే. మార్కులు కూడా వేయించొచ్చు, 1950లో గ్లెన్ బ్రయర్ చెప్పిన పద్ధతి ఒకటుంది, పిల్లలకి తేలికే: వాన పడితే 1, పడకపోతే 0 అనుకుని, యాప్ చెప్పినదాన్ని దాంట్లోంచి తీసేసి వర్గం చేయడమే. 0.7 అంటే వాన పడితే తప్పు 0.09, పడకపోతే 0.49. ఎప్పుడూ 0.5 అని గోడ మీద పిల్లిలా కూర్చునేవాడికి రోజూ 0.25 పడుతుంది. సగటు ఎంత తక్కువైతే అంత మంచిది.

అయితే చార్టు మొదలుపెట్టే ముందే "వాన" అంటే ఏంటో రాసిపెట్టుకోండి. నాలుగు చినుకులు పడి నేల తడవకపోతే లెక్కా కాదా? వాతావరణ శాఖకి వానరోజు అంటే 2.5 మిల్లీమీటర్లు, ఆపైన. స్కూలు పైన చిన్న వర్షమాపకం పెట్టుకుంటే గొడవ ఉండదు. సీజన్ మధ్యలో మాత్రం రూలు మార్చొద్దు, మార్చాలని పిల్లలే మొదట అడుగుతారు, చూడండి.

ప్రశ్న: సార్, నా వయసు 46. ఆన్‌లైన్‌లో గుండెజబ్బు కాలిక్యులేటర్‌లో బీపీ, కొలెస్ట్రాల్ అన్నీ కొడితే పదేళ్లలో రిస్క్ 5 శాతం అని వచ్చింది. ఇంకో సైట్‌లో 9 వచ్చింది. ఏది నమ్మాలి?

జవాబు: ముందు డాక్టర్ గారిని నమ్మండి, ఆ తర్వాత ఏ కాలిక్యులేటర్ ఎవరి మీద తయారైందో చూడండి. చాలావాటికి మూలం అమెరికా మసాచుసెట్స్‌లో ఫ్రామింగ్‌హామ్ అనే ఊరు, 1948లో 5,209 మందితో మొదలుపెట్టి ఏళ్ల తరబడి చూశారు, దాదాపు అందరూ తెల్లవాళ్లే. అదే ఫార్ములాని చైనా వాళ్ల మీద పెట్టి చూసి 2004లో ఫలితాలు ప్రచురించారు. ఎవరికి రిస్క్ ఎక్కువ ఎవరికి తక్కువ అన్న వరస బాగానే చెప్పింది, కానీ అంకెలు మాత్రం నిజంగా జరిగినదానికంటే బాగా ఎక్కువ చెప్పింది. చైనా సగటులు పెట్టి సరిచేశాక దారికొచ్చింది. మనవాళ్లకి చిక్కు తిరగబడొచ్చు, దక్షిణాసియా వాళ్లకి ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుందన్న అనుమానం బ్రిటన్‌లో చాలా కాలంగా ఉంది. అందుకే అక్కడి రిస్క్ కాలిక్యులేటర్ క్యూరిస్క్‌కి 2008లో వచ్చిన రెండో వెర్షన్‌లో ఇండియన్, పాకిస్థానీ, బంగ్లాదేశీ అని విడివిడిగా అడుగుతారు, తర్వాత దాన్ని కట్టిన టీమ్ కాకుండా వేరేవాళ్లు వేరే రోగుల రికార్డుల మీద చెక్ చేశారు. నా దృష్టిలో దాని బలం అదే, తన పేపర్ తానే దిద్దుకోలేదు.

అయినా అది లండన్‌లో, లెస్టర్‌లో ఉండే ఇండియన్స్ లెక్క, ఖమ్మంలో ఉండేవాళ్లది కాదు. మీ 5, 9 రెండింటినీ ప్రింట్ తీసుకుని, నాన్నగారికి, అన్నదమ్ములకి గుండెజబ్బు ఉందా, షుగర్ ఉందా, సిగరెట్ ఉందా అన్నది కూడా రాసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మీ ఉత్తరంలో ఆ మూడింటి గురించి ఒక్క ముక్క కూడా లేదు.